రెండు కొంగుల చీర

గద్వాల మగ్గాల వీధిలో ఉండే చెన్నయ్యకు మనుషుల ముఖాలు గుర్తుండవు. మతిమరుపు అనుకునేరు, అదేం కాదు. ముఖం చూస్తే కదా గుర్తుండడానికి. పన్నెండో ఏట గుంట మగ్గంలో కాళ్లు దించాడు, ఇప్పుడు అరవై ఒకటి నడుస్తోంది. ఇన్నేళ్లలో ఆయన కంటికి అలవాటైన దారి ఒకటే. ఎదురుగా ఆడమనిషి వస్తే చూపు భుజం మీది కొంగు దగ్గర మొదలవుతుంది, అంచు వెంట దిగుతూ దిగుతూ పాదం దగ్గర ఆగుతుంది. అంతటితో పరిచయం పూర్తయినట్టే. ఇందులో పాపిష్టి ఆలోచన ఏమీ లేదని వీధికంతా తెలుసు. తెలియని ఊళ్లకు పెళ్లికి పోయినప్పుడే భార్య సరోజకు ప్రాణం మీదికి వస్తుంది.

సరోజ బాధ ఇవాళ్టిది కాదు. పెళ్లిచూపులనాడు చెన్నయ్య ఆమెను తలెత్తి చూసింది లేదు. అరగంట కూర్చొని, పెట్టిన ఫలహారం తిని, లేచేముందు పిల్ల తండ్రితో ఒక్క మాట అన్నాడు. పిల్ల చీర అంచులో పేక వదులుగా పడింది, నేసినవాడు ఆరోజు పరధ్యానంగా ఉన్నట్టున్నాడు అని. ఆ చీర నేసింది పిల్ల తండ్రే. అయినా పిల్లనిచ్చాడంటే తన కంటి మీద గౌరవంతోనే ఇచ్చాడని చెన్నయ్య ఇప్పటికీ అంటాడు. పోయి పోయి వీడికా అని తన తండ్రి నెల రోజులు అన్నం సరిగా తినలేదని సరోజ అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే అయి ఉంటుంది.

సినిమాకు తీసుకెళ్తే ఇంకా కష్టం. తెర మీద తల్లి చచ్చిపోతుంటే హాలంతా ముక్కులు చీదుతుంది. ఈయన మాత్రం మరమగ్గం చీర అని పైకే అంటాడు.

ఆయన్ని అనీ లాభం లేదు, గద్వాల చీర అలాంటిది. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వాటంతటవి కలవవు. పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడింటిని ఆడిస్తూ, అడ్డంగా పోయే నూలు పేకను పట్టు పేకకు వరుస వరుసకూ మెలివేసి కలపాలి. దాన్ని కుట్టు అంటారు. సూదీ ఉండదు, దారమూ ఉండదు, పేరు మాత్రం కుట్టు. ఆ కుట్టు మీదే కోటగోడ మొనల్లాంటి కోటకొమ్మలు లేస్తాయి, మొనలన్నీ చీర ఒంటివైపు చూస్తూ ఉంటాయి. రోజంతా ఆ మొనలు లెక్కపెట్టుకునే మనిషికి సాయంత్రానికి లోకంలో ఇంకేమీ కంటికి ఆనకపోవడంలో వింతేముంది.

ఇంటి ముందు గదిలో అద్దెకున్నవాడి పేరు ఖనిన్ బసుమతారి. ముప్పై ఏళ్లవాడు, ఊరు అస్సాంలో కొక్రాఝార్ దగ్గర ఒక పల్లె. ఈ పేరుకు గద్వాలలో ఎవరికీ నోరు తిరగలేదు. నాలుగేళ్ల కింద కాలేజీ దగ్గర నూడుల్స్ బండి పెట్టినప్పుడు, బోర్డు రాసేవాడు ఎవరినీ అడగకుండానే ‘చైనా ఫాస్ట్‌ఫుడ్’ అని రాసి పెట్టాడు. ఊరు ఆ బోర్డునూ ఆ ముఖాన్నీ కలిపి చదువుకుంది. అంతే, అతను చైనా అయిపోయాడు. అతను చైనా చూడలేదు, చూడాలనీ లేదు. ఆ నూడుల్స్‌లో చైనాది ఏమైనా మిగిలి ఉంటే మన ఎండుకారం, కరివేపాకు కలిసి ఎప్పుడో తరిమేశాయి. మొదట్లో నేను ఇండియావాడినే అని చెప్పేవాడు. జనం అవునవునని నవ్వి, మీ దేశంలో పాములు తింటారట కదా అని అడిగేవాళ్లు. తర్వాత చెప్పడం మానేశాడు.

చెన్నయ్య దగ్గర మాత్రం అతనికి ఆ చిక్కు రాలేదు. వచ్చిన నెలలోనే ఒకరోజు సరోజ నాడెల్లో పెట్టే కండెలు చుడుతుంటే పట్టుపోగుల చిలప చిక్కుపడి కూర్చుంది. అటుగా పోతున్న ఖనిన్ చెప్పులు విడిచి, గోడకానుకుని కూర్చొని, కొస ఎక్కడుందో రెండు నిమిషాల్లో తీసి ఆమె చేతిలో పెట్టాడు. వాళ్ల ఊళ్లో ఇంటింటికీ మగ్గం ఉంటుందట, వాళ్లమ్మ కట్టుకునే బట్ట ఆమే నేసుకుంటుందట. ఆ మాట వినగానే చెన్నయ్య పని ఆపి, ఎన్ని పోగుల పడుగు, ఏ వెదురుతో అచ్చు కడతారు అని పొద్దుపోయేదాకా అడిగాడు. ఆ రోజు నుంచి ఖనిన్ ఆయన్ని కాకా అంటాడు, ఆయన బిడ్డా అంటాడు. బండి తీయని పూట వచ్చి కండెలు చుట్టిపోతాడు. సరోజ చైనా బిడ్డ అని పిలుస్తుంది. ప్రేమగానే పిలుస్తుంది, అదొకటి.

ఇలా ఉండగా పోయిన శ్రావణంలో ఒక గురువారం పొద్దున సరోజ ఫోన్లోకి ఆ వీడియో దిగింది.

అందులో ఒక నూడుల్స్ బండి. చిన్న కళ్లవాడొకడు బండి వెనక నిలబడి నవ్వుతుంటాడు. జరీ చీర కట్టిన తల్లి పిల్లవాడి చేయి పట్టుకొని వస్తుంది. వాడు పిల్లవాడి ముఖం మీద ఏదో పొడి ఊదుతాడు, పిల్లవాడు కూలిపోతాడు, చూస్తుండగానే వాణ్ణి సంచిలో వేసుకుని మాయమవుతాడు. తల్లి గుండెలు బాదుకుంటూ వీధి వెంట పరుగెడుతుంది. వెనక నుంచి వార్తలు చదివే గొంతు: గద్వాల ప్రజలారా, జాగ్రత్త. చైనా ముఖాల ముఠా మీ ఊళ్లోకి దిగింది. వీళ్లకు ఇల్లు అద్దెకివ్వకండి.

సరోజ మంచి మనిషి. మంచి మనుషుల చేతిలో ఫోను ఉన్నప్పుడే ఎక్కువ భయపడాలి. నలుగురి పిల్లలూ చల్లగా ఉండాలని, వీడియో పూర్తిగా చూడకముందే పదకొండు గ్రూపులకు పంపించేసింది. తర్వాత కూర్చొని పూర్తిగా చూసింది. అప్పుడు గుండె గుభేలుమంది. రాజోలిలో ఉన్న అక్క హన్మమ్మ వెంటనే ఫోన్ చేసి, మీ ఇంట్లో ఉన్నవాడేనా అని అడిగేసరికి ఫోను పెట్టేసింది. పరుగున పోయి, వీడియో ఆడించి, ఫోను మగ్గం మీద ఉన్న మొగుడి ముక్కు కింద పెట్టింది. చెన్నయ్య అప్పుడే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయనకు కనబడింది రంగుల మసక, వినబడింది పిల్లవాడి ఏడుపు. అంత ఏడుపు విన్నాక ఏ మనిషి కుదురుగా ఉంటాడు? లేచిపోయి, ముందు గదికీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు గడియ పెట్టాడు. నాలుగేళ్లుగా ఆ గడియ వాడింది లేదు, తుప్పు పట్టి గట్టిగా చప్పుడు చేసింది.

ఇంట్లో ఒక్క దీపిక మాత్రం మొదటి నుంచీ అది ఫోన్లో పుట్టిన బొమ్మ అంటూనే ఉంది. దీపిక వాళ్ల మనవరాలు, ఇక్కడే ఉండి డిగ్రీ చదువుకుంటోంది. కంప్యూటరుకు నాలుగు ముక్కలు చెబితే ఇలాంటివి ఎన్నైనా చేసి పెడుతుందని అందరికీ చెప్పింది. అయితే దీపిక గొంతు వార్తలు చదివేవాడి గొంతంత గంభీరంగా ఉండదు కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

శుక్రవారానికి ఊరంతా అదే మాట. అన్నిటికన్నా విచిత్రం, ఆ వీధి అందరికీ గుర్తుకొచ్చింది. ఒకాయన పాత బస్టాండు సందు అన్నాడు. ఇంకొకాయన కాదు, కోట వెనక దారి అని పందెం కాశాడు. వడ్డేపల్లి వాళ్లు తమ ఊరే అన్నారు, సంచి మోసుకుపోతుంటే మా బావమరిది కళ్లారా చూశాడని కూడా చేర్చారు. కాలేజీ పిల్లలు బండి దగ్గరికి రావడం మానేశారు. నాలుగేళ్లుగా రోజూ తిని వేళ్లు నాక్కున్నవాళ్లు, అప్పుడే అనుమానమొచ్చింది, ఆ రుచి మామూలు రుచి కాదు అన్నారు. శనివారం ఎవరో పొయ్యిలో చెంబెడు నీళ్లు పోసి పోయారు. ఖనిన్ బండి తోసుకుని ఇంటికొచ్చేశాడు.

వీధి మొదట్లో రీచార్జ్ దుకాణం నడిపే నర్సింహులు ఇలాంటి వాటికి ముందుంటాడు. ఆదివారం పొద్దున పది గంటలకు వీధంతా వచ్చి ఆ మనిషిని ఖాళీ చేయిస్తుందని, మాట వినకపోతే ఏమవుతుందో తన బాధ్యత కాదని కబురు చేశాడు. ఆ కబురు తలుపు అవతల ఖనిన్‌కూ వినబడింది. తెల్లారి చెన్నయ్య లేచి చూస్తే గది తాళంచెవి మధ్య తలుపు కింది సందులోంచి ఇవతలికి తోసి ఉంది. ఖనిన్ సంచీ సర్దుకుని, బయటికి పోతే వీధి, లోపలికి వస్తే గడియ కాబట్టి, ఆ గదిలోనే కూర్చున్నాడు. చెన్నయ్య ఆ తాళంచెవిని చూశాడు, ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడల్లా చేసే పనే చేశాడు, మగ్గం ఎక్కి నాడె విసిరాడు.

పది గంటలకు పాతికమంది వచ్చారు. నర్సింహులు దుకాణంలో అమ్మకానికి పెట్టిన పెద్ద ట్యాబ్ చంకలో పెట్టుకొచ్చాడు, అందరికీ కనబడాలని. అరుగు మీద నిలబెట్టి ఆడించాడు. చెన్నయ్యను మగ్గం మీద నుంచి అలాగే లాక్కొచ్చారు, కళ్లజోడు ముక్కు మీదే ఉంది. పెద్ద తెర, పొద్దుటి వెలుతురు. వీడియో అయిపోగానే నర్సింహులు ఆయన వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పు చెన్నయ్యా, గిదంత జూసినంక గూడ ఇంట్ల ఉంచుకుంటవా?"

చెన్నయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. "జర ఎనకకు పోనియ్యి" అన్నాడు. పోనిచ్చారు. "ఆడ ఆపు. గిది ఎవరు నేసిండ్రు?"

"ఏది?"

"గీ చీర."

నర్సింహులుకు ఏమీ అర్థం కాలేదు. పిల్లవాడు సంచిలో ఉంటే చీర సంగతి ఏంది అన్నాడు. చెన్నయ్య తెర మీద వేలు పెట్టాడు. "రెండు కొంగులున్నయి. ఒకటి భుజం మీద, ఇంకోటి కుచ్చిళ్లల్ల. కోటకొమ్మలు కిందికి మొకమేసినయి. నా జన్మల గిట్లాంటిది జూడలే."

ఆ పాతికమందిలో పదిహేనుమంది మగ్గం మనుషులే. ఏదీ, ఏదీ అంటూ అందరూ ముందుకొచ్చారు. తలలు తెర మీదికి వంగాయి. నిజమే, రెండు కొంగులు. అంతేనా, తల్లి ఏడుస్తూ నాలుగడుగులు వేసేసరికి అంచులోని మామిడిపిందెలు ఏనుగులైపోయాయి. గోడ మలుపు తిరిగి వచ్చేసరికి ఏనుగులు నెమళ్లయ్యాయి. కుట్టు అనేది ఎక్కడా లేదు, పట్టు నూలులోకి పాలు నీళ్లలో కలిసినట్టు జారిపోయింది. ఒకాయన ముక్కున వేలేసుకున్నాడు. ఇంకొకాయన ఇది ఎన్ని నాడెల పని అయి ఉంటుందని లెక్క కట్టబోయాడు. పదేపదే వెనక్కి తిప్పి చూశారు. ఆ తల్లి అన్నిసార్లు గుండెలు బాదుకుంది, ఒక్కరూ ఆమె ముఖం చూడలేదు.

అక్కడ కథ అడ్డం తిరిగింది. చెన్నయ్య చెప్పాలనుకున్నది, చీర అబద్ధం కాబట్టి వీడియో కూడా అబద్ధమని. వీధికి వినబడింది మాత్రం, ఎవడో గద్వాల పేరుతో నకిలీ చీర అమ్మాడని. గద్వాలలో ఇంతకన్నా పెద్ద నేరం లేదు. పిల్లవాణ్ణి సంచిలో వేసుకుపోయినవాడి మీద కన్నా ఆ చీర అమ్మినవాడి మీద జనం ఎక్కువ కోపానికొచ్చారు. ముసలాయన ఒకడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పాపం ఆ తల్లి, పిల్లవాడూ పోయె, చీర చూస్తే మోసమాయె అని. మరమగ్గం వాళ్ల పనే అని ఒకరు, బజారులో దుకాణం దుకాణం వెతకాలని ఒకరు. పది మంది అప్పుడే చెప్పులు తొడుక్కున్నారు. నర్సింహులు ఒంటికాలి మీద లేచాడు. తను పిలిచిన పనేంది, వీళ్లు పోయే పనేంది అని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు.

దీపిక వాకిలికి అడ్డంగా నిలబడకపోతే ఆ పూట ఏదో ఒక బట్టల దుకాణం అద్దాలు పగిలేవి. ఈసారి అందరూ ఆమె మాట విన్నారు, ఎందుకంటే ఈసారి ఆమె చీరతో మొదలుపెట్టింది. ఆ చీర ఎవరూ నేయలేదు, ఎవరూ అమ్మలేదు, చీరే లేదు అంది. చీర లేకపోతే కట్టుకున్నామె ఏం కట్టుకున్నట్టని నర్సింహులు అడిగాడు. ఆమె కూడా లేదు. మరి పిల్లవాడు? లేడు. సంచి? లేదు. సంచి మోసుకుపోయినవాడు? వాడూ లేడు. జనం ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ నీరసపడిపోయారు. చివరికి ఎవరో వెనక నుంచి, గద్వాల అయినా ఉందా అని అడిగారు. ఉంది, అందుకే ఈ తిప్పలు అంది దీపిక.

కంప్యూటరు లక్ష చీరల బొమ్మలు చూసి ఉంటుంది, ఒక్కటీ తొడ మీద పెట్టుకుని మడత విప్పి ఉండదు కాబట్టి తప్పులో కాలేసింది. దీపిక చెప్పిన ఈ మాట నేతగాళ్లకు వెంటనే ఎక్కింది. నేర్చుకోకుండా మగ్గమెక్కినవాడు చేసే తప్పే అది. మరి ఎవరు చేశారు, ఎందుకు చేశారు అంటే దీపిక దగ్గరా జవాబు లేదు. ఎక్కడో ఎవడో, ఒక ముఖం చూస్తే చాలు దొంగ అనిపించేలా మనని తయారు చేద్దామనుకున్నాడు. వాడికి పెద్దగా కష్టం కూడా కాలేదు.

సరోజ లోపలికి పోయి పాతికమందికి చాయ్ పెట్టింది. ఆ చాయ్ తాగి, రెండు కొంగుల చీర గురించే మాట్లాడుకుంటూ, నర్సింహులుతో సహా అందరూ వెళ్లిపోయారు. సారీ అని ఎవరూ అనలేదు. తప్పు చేసినట్టు వాళ్లకు తెలిస్తే కదా. సరోజ మాత్రం ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఆ వీడియో అబద్ధమని దీపికతో రాయించి మళ్లీ పదకొండు గ్రూపులకూ పంపింది. మొదటిసారి పంపినప్పుడు క్షణంలో ఊరు దాటింది. ఈసారి ముప్పై ఇద్దరు చూశారు, ముగ్గురు దండం బొమ్మ పెట్టారు, ఒక్కరూ ఇంకొకరికి పంపలేదు.

చెన్నయ్య మాత్రం గాల్లో తేలుతున్నాడు. యాభై ఏళ్లుగా ఏ కంటిని ఊరు ఎగతాళి చేసిందో ఆ కన్నే ఇవాళ ఒక మనిషిని నిలబెట్టింది. ఆ ఊపులోనే మధ్య తలుపు గడియ తీశాడు. ఖనిన్ సంచీ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. బయట జరిగినదంతా విన్నాడు, అయినా చెన్నయ్య పిందెలు ఏనుగులైన దగ్గర నుంచీ మొత్తం మళ్లీ చెప్పాడు. ఖనిన్ మర్యాదగా వింటూ రెండుసార్లు నవ్వాడు కూడా. అంతా అయ్యాక అడిగాడు.

"కాకా, ఆ చీర మంచిగ ఉంటే?"

"ఏంది బిడ్డా?"

"కంప్యూటర్ నేర్చుకుంటది కదా. రేపు గద్వాల చీర సరిగ్గ చేస్తది. ఒక్కటే కొంగు, కుట్టు ఉంటది, కొమ్మలు పైకి ఉంటయ్. అప్పుడు నేను దొంగనేనా?"

ఛ, అదేం మాట, నిన్ను నాకు తెలియదా అనే జవాబు చెన్నయ్య నాలుక మీదే ఉంది. అనేస్తే అయిపోయేది. కానీ ఆ కుర్చీ లేని గదిలో, ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ మాట అనడానికి ఆయనకు సిగ్గేసింది. తను చీరను కాపాడాడు, గద్వాల పేరును కాపాడాడు. పాతికమంది ముందు నిలబడి అంతసేపు మాట్లాడినా, ఈ మనిషి ఇలాంటివాడు కాదని మాత్రం ఒక్క ముక్క అనలేదు. ఆ ముక్క అప్పుడు గుర్తుకే రాలేదు. ఇప్పుడు గుర్తుకొచ్చింది. నెమ్మదిగా అతని పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అబద్ధమెందుకు చెప్పాలె బిడ్డా. చీర మంచిగుంటే నమ్ముతుంటి. ఆ వీడియో వచ్చిన బేస్తారంనాడే నమ్మిన. గడియ పెట్టింది నేనే."

"తెలుసు. సప్పుడు ఇన్న."

లోపల సరోజ గిన్నెలు కడుగుతోంది.

"ఇంకోటి వస్తది" అన్నాడు చెన్నయ్య. "నువ్వన్నట్టే చీర గూడ సక్కగనే ఉంటది. నాకు తప్పు దొరకదు. గప్పుడు నేను జేసేది ఒక్కటే, ముందుగాల నీ తాన్కొచ్చి అడుగుత."

"నేను కాదు అని అంట. వీడియో అవును అంటది. ఎవరి మాట ఇంటరు?"

"నీ మాట."

ఖనిన్ ఆయన్ని కాసేపు చూశాడు, ఈ మాట ఎన్ని రోజులు నిలుస్తుందో అన్నట్టు. తర్వాత సంచీలోంచి లుంగీ తీసి మళ్లీ దండెం మీద వేశాడు. మిగతా బట్టలు సంచీలోనే ఉంచాడు.